గంగాబల్ సరస్సులో ట్రౌట్ వేట: ఇంత కష్టపడి పట్టిన చేపను మళ్లీ నీళ్లలో ఎందుకు వదిలేస్తారు?

"ఏంటండీ? ఇంత కొండెక్కి, ఈ చలిలో చేపను పట్టి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారా?"

కశ్మీర్‌లోని నుంద్‌కోల్ సరస్సు పక్కన గుడారాలు వేసుకున్న రాత్రి నాకు ఎదురైన ప్రశ్న ఇది. అడిగింది హైదరాబాద్ నుంచి ట్రెక్కింగ్‌కు వచ్చిన నలుగురు కుర్రాళ్లలో ఒకరు. నా సంచిలోంచి గాలపు కర్ర కనిపించగానే చేపల కూర మీద ఆశ పెట్టుకున్నారు. వదిలేస్తామని చెప్పేసరికి నీరుగారిపోయారు.

"మాది నాగార్జునసాగర్ దగ్గర. మా ఊళ్లో అయితే ఈపాటికి పులుసు ఉడుకుతుండేది" అన్నాడు ఆ కుర్రాడు.

ఆ రాత్రి నా దగ్గర సరైన జవాబు లేదు. మర్నాడు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా గంగాబల్ సరస్సు ఒడ్డున గడిపాక కొంత దొరికింది. అయితే దాని కన్నా పెద్ద ప్రశ్న ఒకటి వెంట వచ్చింది. అసలు ఈ చేప ఇక్కడికెలా వచ్చింది? ఇంకెంతకాలం ఉంటుంది?

గంగాబల్ ఎక్కడుంది?

శ్రీనగర్‌కు ఉత్తరాన, గాందర్‌బల్ జిల్లాలో హర్ముఖ్ పర్వతం ఉంది. దాని ఎత్తు 5,142 మీటర్లు. ఆ పర్వతం పాదాల దగ్గర, సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న సరస్సు గంగాబల్. కశ్మీరీ పండితులకు ఇది పుణ్యక్షేత్రం. హర్ముఖ్-గంగాబల్ యాత్రకు ఏటా భక్తులు వస్తారు.

రోడ్డు నారానాగ్ గ్రామం వరకే ఉంటుంది. అక్కడ ప్రాచీన రాతి ఆలయాల శిథిలాలు కనిపిస్తాయి. ఆ తర్వాత నడకే. పైన్, దేవదారు చెట్ల మధ్య నిటారుగా ఎక్కి, ట్రుంఖోల్ పచ్చిక మైదానం దాటితే నుంద్‌కోల్ వస్తుంది. దాని పైన గంగాబల్. వేసవిలో ఈ దారంతా గుజ్జర్, బకర్వాల్ కాపరుల గొర్రెల మందలు కనిపిస్తాయి.

ఇక్కడ గాలం వేయాలంటే జమ్మూకశ్మీర్ మత్స్యశాఖ అనుమతి కావాలి. ట్రౌట్ సీజన్ సాధారణంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు. రోజుకు ఎన్ని చేపలు పట్టుకెళ్లొచ్చో పరిమితి ఉంటుంది. ఒక్కటి కూడా తీసుకెళ్లకూడదని మేం ముందే అనుకున్నాం.

నాతో వచ్చిన గైడ్ వయసు అరవైకి దగ్గర పడింది. నేను ఆయన్ను చాచా అన్నాను. ఆయన నన్ను బేటా అన్నారు. మా మాటలన్నీ ఉర్దూలోనే సాగాయి.

ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటి?

మన చెరువుల దగ్గర గాలం వేసేవాళ్లను చూసే ఉంటారు. కొక్కేనికి వానపామో, పిండి ముద్దో గుచ్చుతారు. దారానికి చిన్న సీసపు గుండు కడతారు. విసిరినప్పుడు ఆ గుండు బరువే దారాన్ని ముందుకు లాక్కెళ్తుంది.

ఫ్లై ఫిషింగ్‌లో వ్యవహారం తలకిందులు. ఇక్కడ ఎర అంటే ఈక, బొచ్చు, పట్టుదారంతో చిన్న కొక్కెం మీద కట్టిన పురుగు బొమ్మ. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు దాదాపు ఉండదు. చేత్తో విసిరితే అక్కడే పడిపోతుంది.

అందుకే బరువును దారంలోనే పెట్టారు. ఫ్లై లైన్ మామూలు గాలపు దారం కన్నా చాలా మందంగా ఉంటుంది. నేను వాడింది ఐదో నంబర్ లైన్. దాని మొదటి 30 అడుగుల బరువు సుమారు 9 గ్రాములు. కర్రను వెనక్కి ఊపితే ఆ దారం గాల్లో వెనక్కి సాగుతుంది. అది పూర్తిగా చాచుకునే వరకు ఒక్క క్షణం ఆగి, ముందుకు ఊపాలి. దారం వంపు తిరుగుతూ ముందుకు వెళ్తుంది. చివరన ఉన్న ఫ్లై నిజం పురుగులా నీటి మీద వాలుతుంది.

కిటుకంతా ఆ ఒక్క క్షణం ఆగడంలోనే ఉంది. ఆగకపోతే దారం కొరడాలా చిట్లుతుంది. మొదటి అరగంటలో నా ఫ్లై రెండుసార్లు నా స్వెటర్‌కే తగులుకుంది.

"చేప కోసం వచ్చావా, స్వెటర్ కోసమా?" అని చాచా నవ్వారు.

పొద్దున: సరస్సును చదవడం

సెప్టెంబర్ మొదటి వారం కావడంతో ఒడ్డున రాళ్ల మీద మంచు పలచగా పేరుకుంది. వేళ్లు తిమ్మిరెక్కి ముడి కూడా పడటం లేదు.

"తొందరపడకు బేటా. ముందు నీళ్లను చూడు" అన్నారు చాచా.

వాగులో ట్రౌట్‌ను వెతకడం ఒక రకం. అక్కడ చేప ఏదో రాయి చాటున ప్రవాహానికి ఎదురుగా నిలబడి, కొట్టుకొచ్చే తిండి కోసం కాచుకుంటుంది. సరస్సులో ప్రవాహం ఉండదు. తిండి దాని దగ్గరకు రాదు కాబట్టి చేపే తిండి దగ్గరకు తిరగాలి. అందుకే సరస్సు ట్రౌట్ గస్తీ తిరిగినట్టు ఒడ్డు వెంట, లోతు మారే అంచుల వెంట తిరుగుతూ ఉంటుంది.

చాచా మూడు చోట్లు చూపించారు. మొదటిది, మంచు కరిగిన నీరు వాగులా వచ్చి సరస్సులో కలిసే చోటు. అక్కడ నీటిలో ఆక్సిజన్ ఎక్కువ, కొట్టుకొచ్చే పురుగులూ ఎక్కువే. రెండోది, లేత ఆకుపచ్చ నీరు ఒక్కసారిగా ముదురు నీలంగా మారే గీత. లోతు మొదలయ్యేది అక్కడే. మూడోది, సరస్సు నీరు బయటకు వెళ్లే చోటు.

తర్వాత నీటిలోంచి ఒక రాయి తీసి తిరగేశారు. కింద ఇసుక రేణువులతో కట్టుకున్న చిన్న చిన్న గొట్టాలు అతుక్కుని ఉన్నాయి. వాటిలో కాడిస్ ఈగ పిల్లలు ఉంటాయి. "వాటి హోటల్ మెనూ ఇదే" అన్నారు చాచా. ఏ ఫ్లై కట్టాలో చెప్పేది ఈ రాళ్లే.

మరో పాఠం, వంగి నడవడం. నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా సుమారు 97 డిగ్రీల శంకువు లాంటి కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి నీటిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల ఇలా జరుగుతుంది. ఆ కిటికీ అంచుల దగ్గర, నేలకు దగ్గరగా ఉన్నవి నలిగిపోయి కనిపిస్తాయి. నిలబడితే చేప మనల్ని చూస్తుంది. కూర్చుంటే చూడటం కష్టం.

ఎనిమిదింటికి థర్మామీటర్ ముంచి చూస్తే ఒడ్డు దగ్గర నీరు 10 డిగ్రీల సెల్సియస్. ట్రౌట్‌కు ఇది సుఖమైన చల్లదనం. మూడు గంటల్లో రెండు చేపలు నా ఫ్లై వెనకాలే వచ్చి, చూసి, వెనక్కి తిరిగాయి.

ఈ చేప ఇక్కడిది కాదు

ఎండ ఎక్కాక చేపలు లోతుకు వెళ్లిపోయాయి. రాళ్ల మీద కూర్చుని ఉప్పు టీ తాగుతూ చాచాను అడిగాను, ఈ చేపలు ఎప్పటి నుంచి ఉన్నాయని. "అంగ్రేజులు తెచ్చారు" అన్నారు.

అది నిజమే. గంగాబల్‌లో ఉన్నది బ్రౌన్ ట్రౌట్. శాస్త్రీయ నామం సాల్మో ట్రుట్టా. దీని పుట్టిల్లు యూరప్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు. ఇంట్లో అలవాటైన వేట వినోదం ఇక్కడా కావాలని బ్రిటిష్ అధికారులు కోరుకున్నారు. దానికి మొదట చేప కావాలి.

చేపను కాదు, గుడ్లను తేవాలనే ఉపాయం అప్పటికే పని చేసింది. 1864లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు తడి నాచులో, మంచుగడ్డల మధ్య పెట్టి గుడ్లను ఓడలో పంపారు. చల్లగా ఉంచితే గుడ్డు పొదిగే వేగం తగ్గుతుంది. అలా కొన్ని నెలల ప్రయాణం సాధ్యమైంది.

భారత్‌లో తొలి ప్రయత్నాలు దక్షిణాదిలో, నీలగిరి కొండల్లో జరిగాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పని చేసిన ఫ్రాన్సిస్ డే 1860లలో ప్రయత్నించి విఫలమయ్యారు. భారతదేశపు చేపల మీద ప్రామాణిక గ్రంథం రాసింది ఈయనే. నీలగిరుల్లో ట్రౌట్ నిలదొక్కుకోవడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది. అక్కడ స్థిరపడింది రెయిన్‌బో ట్రౌట్.

కశ్మీర్‌కు 1899లో వచ్చిన మొదటి విడత గుడ్లు దారిలోనే పాడైపోయాయి. 1900లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన రెండో విడత బతికింది. వాటిని పెంచడంలో ఫ్రాంక్ మిచెల్ అనే స్కాట్లాండ్ వ్యాపారిది ముఖ్యపాత్ర. శ్రీనగర్‌లో ఆయనకు తివాచీల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడే కొన్ని చేప పిల్లలను సాకారు. తర్వాత శ్రీనగర్ శివార్లలోని హర్వాన్‌లో హేచరీ వచ్చింది. అక్కడి నుంచి లోయలోని వాగులు, నదుల్లోకి ట్రౌట్ చేరింది. కశ్మీర్ గుడ్లతోనే 1909 ప్రాంతంలో కుల్లూ లోయలోనూ ట్రౌట్ పెంపకం మొదలైంది.

ఎత్తైన కొండ సరస్సులకు దిగువన చాలాచోట్ల జలపాతాలుంటాయి. చేప తనంతట తాను అంత ఎత్తు ఎక్కలేదు. ప్రపంచమంతటా ఇలాంటి సరస్సుల్లో కనిపించే ట్రౌట్ ఎక్కువగా మనుషులు మోసుకెళ్లి వదిలిన వాటి సంతతే.

మధ్యాహ్నం: గాలి, మిడతలు, అడవికోడి ఈక

ఒంటిగంట దాటాక గాలి దిశ మారింది. కొండల్లో ఇది రోజూ జరిగేదే. రాత్రి చల్లబడిన గాలి పొద్దున్నే కొండ మీద నుంచి కిందికి జారుతుంది. ఎండకు లోయ వేడెక్కాక గాలి పైకి వీస్తుంది.

ఆ గాలి పచ్చికలోని మిడతలను, చీమలను తీసుకొచ్చి నీటిలో పడేస్తుంది. నీటి మీద తేలుతూ అవి గాలి వీచే వైపున్న ఒడ్డుకు చేరతాయి. చేపలూ అక్కడికే వస్తాయి. ఇబ్బందేంటంటే, ఆ ఒడ్డున నిలబడితే గాలి ముఖానికి కొడుతుంది. ఎదురుగాలిలో దారం విసరడం నాలాంటివారికి నరకం.

ఫ్లై మార్చడానికి చాచా తన రేకు డబ్బా తెరిచారు. ఒక్కో ఫ్లైని ఆయనే కట్టుకున్నారు. కోడిపుంజు మెడ ఈకలు, నెమలి ఈక పోగులు, కుందేలు బొచ్చు. వాటి మధ్య ఒక పాత ఫ్లై మీద తెల్లటి మెరుపు చుక్క ఉన్న ఈక కనిపించింది.

ఆ ఈక కథ మన ప్రాంతానిది. అది బూడిదరంగు అడవికోడి మెడ ఈక. ఈ పక్షి ప్రపంచంలో ఒక్క భారత్‌లోనే, ముఖ్యంగా దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే తూర్పున గోదావరికి ఉత్తరాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి. లక్క పోసినట్టు మెరిసే దాని మెడ ఈకలంటే బ్రిటన్‌లో ఫ్లైలు కట్టేవారికి పిచ్చి. వాటి కోసం ఈ పక్షులను పెద్ద సంఖ్యలో చంపారు. 1960ల చివర్లో భారత్ ఆ ఎగుమతులను ఆపేసింది. ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పక్షికి రక్షణ ఇస్తోంది.

"ఇది మా నాన్న కట్టింది. నీళ్లలో వేయను" అని చాచా డబ్బా మూసేశారు.

స్కాట్లాండ్ చేప కశ్మీర్‌కు వచ్చింది. దక్కన్ అడవికోడి ఈక స్కాట్లాండ్‌కు వెళ్లింది. ఒక వినోదం కోసం రెండు ఖండాల జీవాలు అటూ ఇటూ మారాయి.

సాయంత్రం: ఆ పది నిమిషాలు

ఆరు గంటలకు గాలి ఆగింది. సరస్సు అద్దంలా మారింది. హర్ముఖ్ నీడ నీటి మీద పడగానే, ఎక్కడి నుంచి వచ్చాయో గానీ దోమల్లాంటి చిన్న ఈగలు గుంపులు గుంపులుగా లేచాయి. వీటి పిల్లలు సరస్సు అడుగున బురదలో పెరుగుతాయి. రెక్కలు వచ్చే వేళకు పైకి ఈదుతాయి. నీటి పొరను చీల్చుకుని ఎగరడానికి వాటికి కొన్ని సెకన్లు పడుతుంది. ట్రౌట్‌కు కావాల్సింది ఆ కొన్ని సెకన్లే.

నీటి మీద ఉంగరాలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, తర్వాత లెక్కపెట్టలేనన్ని. చాచా బియ్యపు గింజంత నల్లటి ఫ్లై కట్టారు. "ఉంగరం మీద వేయకు. అది వెళ్లే దారిలో వేయి" అన్నారు.

నాలుగోసారి దారం బిగుసుకుంది.

అర కిలో కూడా లేని చేప అంత బలంగా లాగుతుందని అనుకోలేదు. మూడు నిమిషాల్లో ఒడ్డుకు వచ్చింది. సుమారు 30 సెంటీమీటర్లు. పసుపు, గోధుమ రంగు ఒళ్లు, దాని మీద నల్ల చుక్కలు, వాటి మధ్య తెల్లటి అంచు ఉన్న ఎర్ర చుక్కలు.

ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టబోయాను. "ఫొటో వద్దు బేటా. ముందు చెయ్యి తడుపుకో" అన్నారు చాచా. చేపను నీటిలోనే ఉంచి, ముల్లు లేని కొక్కేన్ని వేళ్లతో తీశారు. అది కాసేపు మొప్పలు ఆడిస్తూ ఆయన అరచేతి మీదే ఉండిపోయింది. ఆ తర్వాత ఒక్క ఊపుతో లోతులోకి వెళ్లిపోయింది.

వదిలేస్తే బతుకుతుందా?

చాచా తొందరకు కారణముంది. చేప శరీరం మీద జిగురు పొర ఉంటుంది. పొడి చేత్తో పట్టుకుంటే అది ఊడుతుంది, వ్యాధులు పట్టుకుంటాయి. నీటిలోంచి తీస్తే మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఆక్సిజన్ అందదు.

కెనడా పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. రెయిన్‌బో ట్రౌట్‌ను పూర్తిగా అలసిపోయేదాకా ఈదించారు. గాలిలోకి తీయని వాటిలో 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచిన వాటిలో 62 శాతం, 60 సెకన్లు ఉంచిన వాటిలో 28 శాతం మాత్రమే బతికాయి. ప్రయోగశాలలో చేపలను బాగా అలిసిపోయేలా చేసిన ఫలితాలివి. బయట పరిస్థితి ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు. కానీ ఒక్క సెల్ఫీ ఖరీదెంతో ఇది చెబుతుంది.

నీటి వేడి దీన్ని మరింత కష్టం చేస్తుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు అవసరమయ్యేది పెరుగుతుంది. అందుకే అమెరికాలోని మోంటానాలో నీరు వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి వరకు గాలం వేయనివ్వరు. వదిలేసే చేపకూ ఇదే నియమం.

అసలు తినని చేపను పట్టడమే తప్పనే వాదనా ఉంది. ట్రౌట్ నోటి దగ్గర హానిని పసిగట్టే నాడులున్నాయని బ్రిటన్ శాస్త్రవేత్తలు 2003లో చూపించారు. చేపకు కలిగేది మనకు తెలిసిన నొప్పేనా అన్నదానిపై చర్చ ఇంకా నడుస్తోంది. స్విట్జర్లాండ్‌లో వదిలేసే ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని 2009 నుంచి చట్టం ఒప్పుకోదు. అక్కడి తర్కం నాగార్జునసాగర్ కుర్రాడి మాటకు దగ్గరగా ఉంటుంది. తినడానికైతే పట్టు, ఆటకైతే వద్దు.

కాపాడుతున్నది ఎవరిని?

వదిలేయడాన్ని చాలామంది ప్రకృతి పరిరక్షణగా చెబుతారు. సరస్సులో చేపలు తగ్గకుండా చూడటానికి అది పనికొస్తుంది. కానీ ఇక్కడ కాపాడుతున్నది బయటి నుంచి వచ్చిన చేపను.

ప్రపంచంలో అత్యంత నష్టం చేసే 100 ఆక్రమణ జీవుల జాబితాను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నిపుణులు తయారు చేశారు. అందులో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఉన్నాయి. అమెరికాలోని సియెరా నెవాడా పర్వతాల్లో చేపలు లేని సరస్సుల్లో ట్రౌట్‌ను వదిలాక అక్కడి పసుపు కాళ్ల కప్పలు మాయమవుతూ వచ్చాయి. కొన్ని సరస్సుల్లోంచి ట్రౌట్‌ను తీసేశాక కప్పల సంఖ్య మళ్లీ పెరిగింది.

కశ్మీర్‌కు సొంత చల్లనీటి చేపలున్నాయి. వాటిని స్నో ట్రౌట్ అంటారు. పేరులో ట్రౌట్ ఉన్నా వాటికి ట్రౌట్‌తో చుట్టరికం లేదు. షైజోథొరాక్స్ ప్రజాతికి చెందిన ఈ చేపలు మన బొచ్చె, శీలావతి కుటుంబానివి. డాల్, వులర్ సరస్సుల్లో కాలుష్యం, ఆక్రమణలు, 1950లలో తెచ్చి వదిలిన బంగారుతీగ చేప కలిసి వీటిని దెబ్బతీశాయి. హిమాలయ వాగుల్లో బ్రౌన్ ట్రౌట్ వీటి తిండికి, చోటుకు పోటీ వస్తోందన్న ఆందోళన శాస్త్రవేత్తల్లో ఉంది.

మరి ట్రౌట్‌ను తీసేయాలా? కశ్మీర్‌లో ఆ మాట అనడం తేలిక కాదు. కోకర్‌నాగ్‌లో యూరప్ దేశాల సాయంతో 1980లలో పెద్ద ట్రౌట్ కేంద్రం వచ్చింది. ఇప్పుడు లోయలో ఎన్నో కుటుంబాలు రెయిన్‌బో ట్రౌట్ పెంపకం మీద బతుకుతున్నాయి. చాచా లాంటి గైడ్‌లకు ఆరు నెలల సంపాదన ఈ చేపే.

అలాగని చేయగలిగింది లేకపోలేదు. ఇంకా ట్రౌట్ చేరని సరస్సుల్లో దాన్ని వదలకుండా ఉండొచ్చు. హేచరీల్లో స్నో ట్రౌట్‌కూ చోటు ఇవ్వొచ్చు. ఎండలు ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం పూట గాలాలు ఆపొచ్చు.

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

వచ్చిన చేప అయినా, ఉన్న చేప అయినా కశ్మీర్‌లో రెండూ బతికేది చల్లటి నీటి మీదే. ఆ నీటికే ఇప్పుడు కష్టం వచ్చింది.

2025 ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లాలోని అచబల్ ఊట ఎండిపోయింది. మొఘల్ తోటకు, చుట్టుపక్కల గ్రామాలకు, ట్రౌట్ కేంద్రానికి నీళ్లిచ్చే ఊట అది. ఆ చలికాలంలో వాన, మంచు బాగా తగ్గడమే కారణమని అధికారులు చెప్పారు. అదే ఏడాది జులై 5న శ్రీనగర్‌లో 37.4 డిగ్రీలు నమోదైంది. ఏడు దశాబ్దాల్లో అంత వేడి చూడలేదు.

ఇక్కడో పోలిక చెప్పాలి. హైదరాబాద్ శివార్లలో, రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో ఇప్పుడు రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచుతున్నారు. ట్యాంకుల్లో నీటిని యంత్రాలతో చల్లబరిచి, శుద్ధి చేసి, మళ్లీ మళ్లీ వాడతారు. దక్కన్ ఎండల్లో చల్లనీటి చేప బతకడానికి కరెంటు, యంత్రాలు, పెట్టుబడి కావాలి.

గంగాబల్‌లో ఆ పని హర్ముఖ్ మంచు ఉచితంగా చేస్తోంది. అది ఆగితే అక్కడ బిగించడానికి యంత్రం లేదు.

చీకటి పడుతుండగా తిరిగి వస్తూ చాచా కొండ వైపు చెయ్యి చూపించారు. "మా నాన్నతో వచ్చేటప్పుడు సెప్టెంబర్‌లో కూడా మంచు ఆ నల్లరాయి దాకా ఉండేది" అన్నారు. ఇప్పుడు ఆ రాయికి చాలా పైన ఆగిపోయింది.

"మంచు పోతే చేప ఏమవుతుంది చాచా?"

"పైకి వెళ్తుంది. ఇంతకు మించి పైన సరస్సు లేదు బేటా" అన్నారు.

గుడారాల దగ్గర నాగార్జునసాగర్ కుర్రాడు నా కోసమే చూస్తున్నాడు. "పడిందా?" అన్నాడు. ఒకటి పడిందని, వదిలేశామని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. చెయ్యి తడుపుకోవడం, ముల్లు లేని కొక్కెం, 10 డిగ్రీల నీరు, తివాచీల ఫ్యాక్టరీ, అన్నీ. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు.

"అంటే మీరు చేపను వదిలినా, నీళ్లు చల్లగా లేకపోతే లాభం లేదన్నమాట" అన్నాడు చివరికి.

నేను రోజంతా తిరిగి తెలుసుకున్నది అతను ఒక్క మాటలో చెప్పేశాడు.